చివర కొన్న డబ్బా

మా మేనల్లుడు కంప్యూటరు కొనలేదండీ, కట్టుకున్నాడు. ఈ రెంటికీ తేడా ఏమిటో నాకూ మొదట్లో తెలియలేదు. కొనడమంటే షాపుకెళ్ళి, డబ్బులిచ్చి, అట్టపెట్టె చంకన పెట్టుకుని ఇంటికి రావడం. కట్టుకోవడం మాత్రం ఇల్లు కట్టుకోవడం లాంటిదే. ప్రాసెసరు ఒకరి దగ్గర, మదర్‌బోర్డు మరొకరి దగ్గర, గ్రాఫిక్స్ కార్డు ఇంకొకరి దగ్గర బేరమాడి తెచ్చుకోవాలి. ర్యామ్, డిస్కులు, వీటన్నిటినీ పెట్టుకోవడానికి క్యాబినెట్ అనే ఇనపపెట్టె సరేసరి. ఆ తరవాత స్క్రూడ్రైవరు పుచ్చుకుని, రాత్రంతా బాసింపట్టు వేసుక్కూచుని బిగించుకోవాలి. తెల్లారి అది వెలిగిందా, ఇక వాణ్ణి పట్టుకోవడం మన తరం కాదు. వచ్చినవాళ్ళందరికీ అద్దంలోంచి లోపలి రంగుల దీపాలు చూపించి, "ఇది నేను కట్టిందే" అంటాడు. మా అక్కయ్య కూడా పక్కనే నిలబడి, "అన్నీ వాడే చేశాడు" అంటుంది, వాడు నడక నేర్చిన రోజున అన్నట్టే.

వాడికి బూర్గంపాడులో పెళ్ళి వీడియోలు తీసే పని. తియ్యడం ఒక ఎత్తు. తీసినదాన్ని కోసి, అతికించి, వెనకాల పాటలు పెట్టి, వధూవరులు మబ్బుల్లోంచి దిగివస్తున్నట్టు చెయ్యడం ఇంకో ఎత్తు. ఆ రెండో ఎత్తు ఎక్కడానికి మామూలు కంప్యూటరు చాలదట. అంచేత 80 వేలు పోగుచేసి ఈ కట్టుబడికి దిగాడు. అందులో నావి 20 వేలు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నాకు సలహా చెప్పే అధికారం ఎలా వచ్చిందో మీకు తెలియాలి గదా!

మన పెళ్ళిళ్ళలో ఒక తంతు ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. మంటపానికింత, పూలకింత, బ్యాండుకింత అని ముందే విడిగా తీసిపెడతాం. చివరికి చేతిలో మిగిలినదాన్నిబట్టి వంటవాణ్ణి మాట్లాడతాం. వచ్చినవాళ్ళు మంటపం కేసి ఓసారి చూసి భోజనాలకి లేస్తారు. ఆ పూట పరువు నిలిపేదీ తీసేదీ వంటవాడే. మావాడి కంప్యూటరూ అంతే. ప్రాసెసరు గురించి నెలరోజులు చదివాడు. గ్రాఫిక్స్ కార్డు గురించి స్నేహితులతో పోట్లాడాడు. క్యాబినెట్ రంగు గురించి మా ఆవిణ్ణి కూడా సంప్రదించాడు. అన్నీ కొన్నాక, వీటన్నిటికీ కరెంటు వడ్డించే డబ్బాకి మిగిలింది ఎనిమిది వందల రూపాయలు. ఎనిమిది వందలకీ ఒక డబ్బా దొరికింది. దానిమీద '450 వాట్లు' అని అంగుళమంత అక్షరాలు.

ఈ డబ్బాని పుస్తకాల్లో పవర్ సప్లయి అంటారు. బజార్లో ఆ పేరడిగితే ఎవరూ పలకరు. 'ఎస్.ఎం.పి.ఎస్.' అనాలి. అది చేసే పనేమిటంటారా? గోడలోంచి వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగులాడే రకం. లోపలున్న చిప్పులేమో పసిపిల్లలు. వాళ్ళకి 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు, అదీ కదలకుండా నిలకడగా ఉండాలి. ఈ డబ్బా అన్నప్రాశన చేయించే అమ్మమ్మలాగా గట్టిది మెత్తచేసి పెడుతుంది.

పాతకాలం వాళ్ళకి ఎలిమినేటరు జ్ఞాపకం ఉంటుంది. ట్రాన్సిస్టర్ రేడియోకి సెల్లుల ఖర్చు తప్పించడానికి పెట్టుకునేవాళ్ళం. లోపల ఇనపరేకుల ట్రాన్స్‌ఫార్మరు, గుయ్యిమని చప్పుడు, ఇటుకంత బరువు, ముట్టుకుంటే వేడి. అదే పద్ధతిలో ఇప్పటి కంప్యూటరుకి వడ్డించాలంటే ఎలిమినేటరు రుబ్బురోలంత అవుతుంది. ఎస్.ఎం.పి.ఎస్. తెలివి వేరు. వచ్చిన కరెంటుని ముందు ఊగులాట మాన్పించి సుమారు 325 వోల్టుల నిలువు కరెంటుగా మారుస్తుంది. దాన్ని సెకనుకి వేలకొద్దీ ముక్కలుగా తరుగుతుంది. అంత సన్నగా తరిగితే గుప్పెట్లో పట్టే ట్రాన్స్‌ఫార్మరు చాలు. 1977లో వచ్చిన యాపిల్ టూ కంప్యూటరుకి రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు ఈ తరహా సప్లయినే తయారుచేశాడు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పీసీకి మొత్తం సప్లయి 63.5 వాట్లు. మా ఇంట్లో సీలింగు ఫ్యాను అంతకన్నా ఎక్కువ తింటుంది. మావాడి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 170 వాట్లు తాగుతుందట!

కరెంటు సంగతి ఎత్తాను కనక మా ప్రాంతపు వైభవం కాస్త చెప్పుకోవాలి. కిన్నెరసాని గోదావరిలో కలిసే చోటు మాది. ఆ కిన్నెరసానికే పైన ఆనకట్ట కట్టి, ఆ నీళ్ళతో పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ స్టేషను నడిపారు. 1966లో మొదలైంది. పాత యూనిట్లు మూతపడ్డాక 2024 ఆగస్టులో వాటి ఎనిమిది కూలింగ్ టవర్లనీ పేల్చి పడగొట్టారు. రోడ్డుమీద పోతూ వాటిని చూసి "పాల్వంచ వచ్చింది, లేవండి" అని పిల్లల్ని లేపే అలవాటున్న మాబోటివాళ్ళకి కాస్త దిగులేసింది. అయితేనేం, అక్కడే 800 మెగావాట్ల కొత్త యూనిట్ 2018లోనే వచ్చింది. ఇటు మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ స్టేషను మరో 1,080 మెగావాట్లు. మధ్యలో ఉన్నాం మేం. దీపం కింద చీకటి అన్న సామెత ఎవరో మా ఊరు చూసే చెప్పి ఉంటారు. పెద్దతీగల మీద కరెంటు మా నెత్తిమీంచే దూరదేశాలు వెళ్ళిపోతుంది. మాకు రావలసింది సబ్‌స్టేషన్ల చుట్టూ తిరిగి, చెట్ల మధ్యనుంచి చిన్నతీగల మీద పడుతూ లేస్తూ వస్తుంది. మే నెలలో సాయంత్రం ఏడింటికి మా అక్కయ్య ఇంట్లో మీటరు పెట్టి చూశాను. 172 వోల్టులు. రాత్రి ఒంటిగంటకి 248. రెండూ ఒక్కరోజునే సుమండీ!

ఇలాంటి ఊళ్ళో ఎనిమిది వందల డబ్బా ఏడాదిన్నర నెట్టుకొచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది పోయిన రోజున తప్పంతా దానిది కాదు.

మే నెలాఖరున ఓ రాత్రి ఈదురుగాలి లేచింది. వీధిలో స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగింది. ఫేజు తీగ తెగితే ఏ భయమూ లేదు, చీకటిపడి ఊరుకుంటుంది. న్యూట్రల్ తెగిందా, ఒక ఇంటి కరెంటు రెండో ఇంట్లోంచి దారి వెతుక్కుంటుంది. అప్పుడు 230 ఉండవలసిన చోట మూడొందలు, మూడొందల యాభై కూడా రావచ్చు. అక్కయ్య ఇంట్లో బల్బులు ముందు పెళ్ళివారి లైట్లలా వెలిగాయి, తరవాత టప్ టప్‌మని పోయాయి. ఫ్యాను విమానంలా తిరిగింది. యూపీఎస్ అనేది ఒకటుండేది గాని, దాని బ్యాటరీ చచ్చి ఆర్నెల్లయింది. కొత్తది రేపు వేయిద్దాం, ఎల్లుండి వేయిద్దాం అంటూ కంప్యూటరు ప్లగ్గు సూటిగా గోడకే గుచ్చాడు వాడు. లోపల్నించి ఒక చప్పుడు, కాలిన వాసన. అంతే.

పక్కింటివాళ్ళ టీవీ కూడా ఆ రాత్రే పోయింది. కాని అది ఒక్కటే పోయింది. మావాడి డబ్బా ఒంటరిగా పోలేదు. పోతూ పోతూ తన అవతలివైపుకి ఎన్ని వోల్టులు తోసిందో గాని, మదర్‌బోర్డునీ రెండు హార్డ్ డిస్కుల్నీ వెంటబెట్టుకు పోయింది.

మదర్‌బోర్డు పోతే డబ్బు పోయిందనుకుంటాం. డిస్కుల సంగతే చెప్పాలంటే నాకు ఇప్పటికీ కాస్త కష్టంగానే ఉంటుంది.

ఫిబ్రవరిలో కుక్కునూరు వైపు ఒక పెళ్ళి తీశాడు వాడు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలం అది. రాష్ట్రాలు వేరయినా పెళ్ళిళ్ళకీ చుట్టరికాలకీ ఆ సంగతి ఇంకా తెలియదు. రాత్రి ముహూర్తం వరకూ ఒక డిస్కులో, తెల్లవారి అప్పగింతలు రెండో డిస్కులో పెట్టాడు. కెమెరా కార్డులు తుడిచేసి తరవాతి పెళ్ళికి వాడేశాడు. వీడియో తయారు చేసి ఇవ్వడం మాత్రం 'వచ్చేవారం' అయింది. ఈ వృత్తిలో వచ్చేవారం అంటే ఏమిటో పెళ్ళి చేసినవాళ్ళందరికీ తెలుసు. ఏప్రిల్లో పెళ్ళికూతురి తండ్రి గుండెపోటుతో పోయాడు. అప్పట్నించి ఆవిడ, అంటే పెళ్ళికూతురి తల్లి, ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట: "బాబూ, తొందరేం లేదు. ఆయనున్నవి మాత్రం జాగ్రత్తగా ఉంచు."

ఆ డిస్కులండీ పోయినవి.

వాడు రెండ్రోజులు అన్నం తినలేదు. మూడోరోజున నా దగ్గరకొచ్చి, "మామయ్యా, ఆవిడకి ఎట్లా చెప్పను?" అన్నాడు. "చెప్పకముందు ప్రయత్నం చేద్దాం పదరా" అన్నాను నేను, ఏ ప్రయత్నమో నాకే తెలియకుండా.

భద్రాచలంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడొకడున్నాడు. బల్ల మీద భూతద్దం, వేడిగాలి గొట్టం, చుట్టూ విప్పిన ఫోన్లు. డిస్కు వెనకాలి పచ్చ బోర్డుని భూతద్దం కింద పెట్టి చూశాడు. "ఇది చూడండి సార్" అన్నాడు. కందిగింజంత నల్లటి బిళ్ళ. డయోడు అట. హద్దుమీరి వోల్టేజి వస్తే తనలోంచే దాన్ని దారి మళ్ళించి, తాను మాడిపోయి, వెనకాలున్నవాళ్ళని కాపాడుతుందిట. మాడిపోయిన డయోడు అడ్డంగా ఉండబట్టే డిస్కు తిరగడం లేదు. కుర్రాడు వేడిగాలితో ఆ గింజని ఊడదీశాడు. మళ్ళీ తగిలించగానే డిస్కు సన్నగా మూలుగుతూ తిరగడం మొదలెట్టింది. నా కళ్ళజోడు తడిసింది. ఆ గింజ ఖరీదు పట్టుమని పది రూపాయలుండదేమో!

రెండోదానికి ఆ అదృష్టం లేదు. దానిలోనూ గింజ ఉంది, మాడింది. కాని దెబ్బ అక్కడ ఆగలేదు. చిప్పు చిట్లిపోయింది. హైదరాబాదు పంపించాం. మూడువారాలకి లోపలి భాగాలు కూడా పోయాయని తిరిగి వచ్చింది.

అంటే రాత్రి మిగిలింది, తెల్లవారడం పోయింది. కాళ్ళు కడగడం, కన్యాదానం ఉన్నాయి. అప్పగింతలు లేవు. నేనూ వాడూ కలిసి కుక్కునూరు వెళ్ళి ఉన్నదేదో ఇచ్చి, లేనిది చెప్పాం. వాడు పుచ్చుకున్న డబ్బు కూడా వెనక్కిచ్చాడు. ఆవిడ డబ్బు ముట్టుకోలేదు. టీవీలో పెట్టించుకుని చూసింది. సన్నాయి హోరులో, పంతులుగారు చెబుతుంటే ఆయన తన గోత్రం, తండ్రిపేరు, తాతపేరు పలికే చోటొకటుంది. ఒక అరనిమిషం. అది మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టమంది. "గొంతు వినపడుతోంది కదయ్యా" అంది చివరికి. మేం కాఫీలు తాగకుండానే లేచి వచ్చాం.

ఇది జరిగాక వాడు ఆ డబ్బాని విప్పాడు. మీరెవరూ విప్పకండి, మీకు పుణ్యముంటుంది. ప్లగ్గు పీకేసిన తరవాత కూడా లోపలి కెపాసిటర్లలో మనిషిని విసిరికొట్టేటంత కరెంటు నిలవ ఉండవచ్చు. వాడు తెలిసినవాణ్ణి పక్కన పెట్టుకుని, పదిరోజులు ఆగి విప్పాడు. లోపల చూస్తే నాకు నవ్వొచ్చింది, తరవాత ఒళ్ళు మండింది. బోర్డుమీద ఇక్కడ ఫలానా చుట్ట, ఇక్కడ ఫలానా బిళ్ళ అని గుర్తులచ్చువేసి, కన్నాలు కూడా పెట్టారు. కన్నాల్లో సామాను మాత్రం లేదు. చెత్త కరెంటుని వడగట్టవలసిన తీగచుట్టల జాగాలో ఉత్త తీగముక్క ఒకటి అతికించి ఊరుకున్నారు. పిడుగుపాటు వోల్టేజిని మింగవలసిన బిళ్ళ చోటు ఖాళీ. విస్తళ్ళు వేసి, పేర్లు రాసి, వడ్డన మానేసినట్టుంది!

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి కదా, నా కళ్ళు డబ్బామీది చీటీ మీదికి పోయాయి. పైన '450 వాట్లు' అన్న అక్షరాలు చూసి మోసపోయేది మనమే. కింద చీమతలకాయంత అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. ఏ వోల్టుకి ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అందులో రాస్తారు. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. ఇది ఎనిమిదో తరగతి లెక్క. ఇప్పటి కంప్యూటర్లో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు బరువంతా 12 వోల్టుల తీగ మీదే. దాని ఎదురుగా ఏం రాసుందీ? 14 ఆంపియర్లు. పన్నెండు పద్నాలుగులు 168. మావాడి ప్రాసెసరు గట్టిగా పనిచేస్తే 117 వాట్లు, కార్డు 170. రెండూ కలిపి 287. పదిమందికి వండి పదిహేడుమందిని బంతిలో కూచోబెట్టాడన్నమాట మా వాడు. రెండూ ఒక్కసారి ఆకలిగొన్న రోజు రాలేదు కనక ఏడాదిన్నర గడిచింది.

"మరి 450 అని రాశారు కదా మామయ్యా?" అన్నాడు వాడు.

"ఒరేయ్, రైలు దిగే స్టేషను పేరేమిటి?"

"భద్రాచలం రోడ్డు."

"ఎక్కడుంది?"

"కొత్తగూడెంలో."

అక్కణ్ణించి భద్రాచలానికి ఇంకా సుమారు నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి. కొత్త యాత్రికులు పేరు చూసి దిగి, గోదావరి ఎటుందని అడుగుతుంటారు, పాపం. డబ్బామీది పెద్దక్షరాలూ అలాంటివే.

రెండోసారి ఎంపిక బాధ్యత నా నెత్తిన పడింది. ఆ భద్రాచలం రోడ్డులోనే రైలెక్కి సికింద్రాబాదు వెళ్ళాం. పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరని, కంప్యూటర్ల సామానుకి పెట్టింది పేరు. పెళ్ళిచూపులకి వెళ్ళిన పెద్దమనిషిలా నేను ప్రతి డబ్బానీ తిప్పి చీటీ చదవడం మొదలెట్టాను. షాపులవాళ్ళు ముందు విసుక్కున్నారు, తరవాత కుర్చీ వేశారు.

మావాడి మనసు 'గోల్డ్' మీద ఉంది. 80 ప్లస్ అని 2004లో మొదలైన పరీక్ష ఒకటుంది. గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత లోపలికి చేరవేస్తుంది, ఎంత వేడిగా పారబోస్తుంది అని చూసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని బిరుదులిస్తారు. 115 వోల్టుల పరీక్షలో సగం బరువు మీద బ్రాంజ్‌వాడు 85 శాతం, గోల్డ్‌వాడు 90 శాతం చేరవెయ్యాలి. ఫోనులో గోల్డ్ అన్న మాట వినగానే మా ఆవిడ, "ఎన్ని గ్రాములు?" అంది. నేను కాగితం తీశాను. మావాడి పెట్టె సగటున 200 వాట్లు తింటుందనుకుంటే బ్రాంజ్ గోడలోంచి 235 తీసుకుంటుంది, గోల్డ్ 222. తేడా 13 వాట్లు. రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి మూడొందల రోజులు పనిచేస్తే 31 యూనిట్లు. ఆ ఆదాకి పైన మూడువేలు పొయ్యడం దండగ. పైగా ఈ బిరుదు పొదుపుకి ఇచ్చింది. కాపలాకి ఇచ్చింది కాదు. హద్దు దాటినప్పుడు ఆగుతుందా లేదా అన్నది ఆ పరీక్షలో అడగరు.

నేను అడగదలుచుకున్నదల్లా అదే. ఎంత బాగా బతుకుతుందని అందరూ అడుగుతారు. ఎలా చస్తుందని ఎవరూ అడగరు. మా వీధిలో మళ్ళీ న్యూట్రల్ తెగితే ఎంత గొప్ప డబ్బా అయినా పోవచ్చు, పోనివ్వండి. కాని పోతే తానొక్కటే పోవాలి. లోపలి 12 వోల్టులు హద్దు మీరితే, ఎక్కువ బరువు పడితే, తీగలు రెండు తగిలితే, తనంతట తాను గొంతు నొక్కుకుని ఆగిపోవాలి. అలాంటి ఏర్పాట్లన్నీ ఉన్నాయని కాగితం మీద రాసి, అయిదేళ్ళు పూచీపడే కంపెనీది కావాలి. లోపలికి 100 నుంచి 240 వోల్టుల దాకా దేనికైనా సరే అనేది కావాలి, అప్పుడు మా సాయంత్రపు 172 కూడా దానికి పంచభక్ష్య పరమాన్నమే. కెపాసిటర్లు 105 డిగ్రీలకి తట్టుకునేవి కావాలి. వేడి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా వాటి ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందంటారు. మా వేసవిలో ఇంట్లోనే నలభై ఉంటే డబ్బాలో ఎంతుంటుందో ఊహించుకోండి.

చివరికి దొరికింది 550 వాట్ల బ్రాంజ్. చీటీ చదివాను. 12 వోల్టులకి 45 ఆంపియర్లు. అంటే 540. చెప్పినదానికీ ఉన్నదానికీ పదివాట్లే తేడా. స్టేషను ఊళ్ళోనే ఉందన్నమాట. 4,600 రూపాయలు.

ఇంటికి తీసుకొచ్చాక మా అక్కయ్య, "అయిదొందల యాభయ్యా! బిల్లెంతొస్తుందిరా తమ్ముడూ?" అని గుండె బాదుకుంది. "బావిలో నీళ్ళు ఎన్నున్నా చేదతో తోడినన్నే కదా పైకొచ్చేది" అని సర్దిచెప్పాను. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేశాం. దాని ముందు వోల్టేజి హద్దుమీరితే కట్టేసే స్టెబిలైజరు పెట్టాం. కొత్త మదర్‌బోర్డు బిగించాం. మంచిరోజు చూసి మీట నొక్కాం. వెలిగింది.

వెలిగిన పది నిమిషాలకి మావాడు "అబ్బా!" అన్నాడు. క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి ఆనితే చిమచిమలాడుతోంది. టెస్టరు పెడితే వెలిగింది. మీటరు పెడితే 110 వోల్టుల చిల్లర. వాడి మొహం పాలిపోయింది. "ఎనిమిది వందలది ఒక్కరోజు కూడా షాకు కొట్టలేదు మామయ్యా!"

నాకూ కాసేపు నోట మాట రాలేదు. వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ వచ్చి, చీరకుండానే నవ్వు మొదలెట్టి, ప్లగ్గుబోర్డు విప్పాడు. మూడు కన్నాల్లో పైనున్న పెద్ద కన్నానికి వెనకాల తీగే లేదు! ఇల్లు కట్టిన నాటినుంచీ ఆ మూడో కన్నం అలంకారానికే ఉంది. సంగతేమిటంటే, మంచి డబ్బాలో వడగట్టే సామానుంటుంది కదా, అది వడగట్టిన చెత్తని ఎర్తు తీగలోకి పారబోస్తుంది. ఎర్తు లేకపోతే ఆ చెత్త ఇనపపెట్టె మీదే నిలబడి, ఇటు ఫేజుకీ అటు న్యూట్రల్‌కీ మధ్యన సగం వోల్టేజి దగ్గర తచ్చాడుతుంది. చౌకడబ్బాలో వడపోతే లేదు, ఇక పారబోసేదేముంది? అందుకని అది షాకు కొట్టలేదు. నిజాయితీపరుడు ఇంట్లోకి వస్తేగాని ఇంటి లోపం బయటపడలేదు.

"ఎర్తు గొయ్యి తవ్వాలండీ" అన్నాడు ఎలక్ట్రీషియన్.

మా అక్కయ్య పెరట్లో గొయ్యి తవ్వడానికి ససేమిరా అంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఊరూ మునిగింది. ఆ నీళ్ళు, ఆ బురద ఆవిడ ఇంకా మర్చిపోలేదు. "మళ్ళీ గోదారొస్తే గొయ్యి మునిగిపోదుటయ్యా?" అంది.

"మునిగితే మరీ మంచిదమ్మా, తడి ఎంతుంటే ఎర్తు అంత గట్టిది" అన్నాడతను.

పెరట్లో, తులసికోటకి మూడుమూరల దూరంలో, మనిషి లోతున తవ్వారు. ఇనపగొట్టం దింపి చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు వేశారు. గొట్టం మూతి పైకి వదిలి గరాటు పెట్టారు. దాన్నించి లావుపాటి తీగ లాగి మూడో కన్నానికి కలిపారు. టెస్టరు ఆరిపోయింది. మావాడు క్యాబినెట్ మీద రెండు చేతులూ ఆనించి, గుళ్ళో స్తంభాన్ని పట్టుకున్నవాడిలా చాలాసేపు నిలబడ్డాడు. ఆ రాత్రే ఇంకో కొత్త డిస్కు కొనడానికి నన్ను రెండువేలు అప్పడిగాడు, ప్రతి పెళ్ళినీ రెండుచోట్ల దాచడానికట. ఇచ్చాను.

వేసవిలో గొట్టంలో నీళ్ళు పోస్తూ ఉండాలని ఎలక్ట్రీషియన్ చెప్పి వెళ్ళాడు. మొన్న ఉదయం వాళ్ళింటికి వెళ్ళేసరికి అక్కయ్య మడికట్టుకుని తులసికి నీళ్ళు పోస్తోంది. ప్రదక్షిణం అయ్యాక చెంబులో మిగిలిన నీళ్ళు గరాటులో వంచింది. గరాటు అంచున చిటికెడు పసుపు, కుంకుమ బొట్టు.

"అదేమిటే అక్కయ్యా!" అన్నాను.

"నీకెందుకురా, నా ఇంటి సంగతి" అంది.